మంచి పని వాతావరణం కోసం మేనేజర్ ఎక్కడ మొదలుపెట్టాలి? తిరుపతి, చిత్తూరు పని చోట్లకు ఒక సమగ్ర మార్గదర్శి

గరుడ సేవ రోజు రాత్రి. తిరుపతిలో ఏ లాడ్జిలోనూ గది ఖాళీ లేదు, మీ లాడ్జిలోనూ లేదు, సరిగ్గా అప్పుడే నీళ్ల మోటార్ కాలిపోయింది. విచారిస్తే తేలేదేమిటంటే, ఆ మోటార్ మూడు రోజులుగా తేడాగా మోగుతోందని రూమ్ బాయ్‌కి తెలుసు, వాచ్‌మన్‌కి తెలుసు, ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకున్నారు కూడా. మీకు మాత్రం చెప్పలేదు. ఎందుకని అడిగితే తల వంచుకుని నిలబడతారు. వంట మాస్టర్‌ని పక్కకు పిలిచి అడగండి, ఆయన చెబుతాడు: "పోయిన్సారి గీజర్ సంగతి చెప్పినోడినే, నువ్వే ఏందో చేసుంటావని తిట్నారు సార్. మళ్లా ఎవురు చెప్తారు?"

వర్క్ కల్చర్ బాగుండాలని అందరం అంటాం, కానీ అది బాగుందో లేదో తెలిసేది ఇలాంటి రాత్రే. చెడు కబురు అందరికంటే కింద ఉన్న మనిషి నుంచి మేనేజర్ దాకా ఎంత త్వరగా, ఎంత నిర్భయంగా వస్తుంది అన్నదే నా లెక్కలో అసలైన కొలత. గోడ మీద రాసిన విలువలు, పుట్టినరోజు కేకులు, ఏడాదికోసారి హార్స్‌లీ హిల్స్ టూరు, ఇవన్నీ ఉండొచ్చు, తప్పేం లేదు, కానీ ఆ కబురు రాకపోతే వాటితో ఒరిగేదేమీ లేదు.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి బృందాల మీద పరిశోధన చేస్తున్నప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువగా ఉంటాయని అనుకున్నారు. లెక్కలు చూస్తే వాటిలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. లోతుగా చూస్తే కారణం దొరికింది: ఆ బృందాల్లో వాళ్లు జరిగిన పొరపాటును దాచకుండా చెప్పుకుంటున్నారు. ఆ తర్వాత 1999లో ఆమె రాసిన పరిశోధన పత్రం నుంచే ఈ నిర్భయం అనే సంగతి మేనేజ్‌మెంట్ చర్చల్లో పెద్ద విషయమైంది. గూగుల్ తన సొంత టీముల్ని పరిశీలించుకున్నప్పుడూ మంచి టీముకు మొట్టమొదటి లక్షణంగా ఇదే తేలింది.

ఇక మన చోట ఎలా చేయాలో చూద్దాం. లాడ్జి, హోటల్, మామిడి పల్ప్ ఫ్యాక్టరీ, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కంపెనీ, శ్రీసిటీ అసెంబ్లీ లైన్, నర్సింగ్ హోమ్, బట్టల షోరూమ్, ఏదైనా సరే వరుస ఇదే.

1. మొదటి రెండు వారాలు ఏమీ మార్చకండి

కొత్త మేనేజర్ రాగానే రూల్స్ మార్చడం మొదలుపెడతాడు, అది వద్దు. చూడండి. సిబ్బంది ఎక్కడ కూర్చుని తింటున్నారు, స్టోర్ రూమ్‌లో బస్తాల మధ్యనా? ఎవరు గదిలోకి వస్తే మాటలు ఆగిపోతున్నాయి? వీక్లీ ఆఫ్ ప్రతిసారీ ఎవరిదే క్యాన్సిల్ అవుతోంది? ఒక సమస్య పుట్టిన సమయానికీ మీ చెవిన పడిన సమయానికీ మధ్య ఎన్ని గంటలు గడిచాయి?

తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. క్యాబిన్‌లోకి పిలిస్తే మనిషి బిగుసుకుపోతాడు, టీ తాగే చోటే మేలు, సూపర్‌వైజర్ పక్కన లేకుండా. మూడు ప్రశ్నలు చాలు. ఇక్కడ నీ టైం ఎక్కడ వృథా అవుతోంది? ఏ విషయం పైకి చెప్పాలంటే వెనకాడతావు? నేను ఒక్కటే సరిచేయగలిగితే ఏది చేయమంటావు? చిత్తూరు, నగరి, పుత్తూరు వైపు సిబ్బందిలో తమిళం మాట్లాడేవాళ్లు ఉంటారు, హోటళ్లలో బీహార్, ఒడిశా కుర్రాళ్లు ఉంటారు, వాళ్ల మాట వాళ్ల భాషలోనే వినే ఏర్పాటు చేసుకోండి, లేకపోతే తెలుగు వచ్చిన నలుగురి అభిప్రాయమే అందరి అభిప్రాయమైపోతుంది.

విన్నవాటిలో చిన్నది ఒకటి వారంలోపు సరిచేసి చూపించండి. తినడానికి ఒక బల్ల, ఫ్యాన్ ఉన్న గది, ఆడవాళ్లకు గడియ పడే బాత్‌రూమ్. అడిగి ఏమీ చేయకపోతే, అసలు అడగకపోయినా బాగుండేది అనిపిస్తుంది వాళ్లకు.

2. మాటలకంటే ముందు జీతం, డ్యూటీ చార్టు

ఇది దాటేసి మిగతావి చేసేవాళ్లే ఎక్కువ, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం. జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషికి మీరు చెప్పే టీమ్ స్పిరిట్ చెవికెక్కదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి. మానేసిన మనిషికైనా, తీసేసిన మనిషికైనా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఓటీకి, అంటే డ్యూటీ టైం దాటి చేసిన పనికి, మామూలు రేటుకు కనీసం రెట్టింపు ఇవ్వాలి. మానేసిన వాడి జీతం నెలల తరబడి ఆపి తిప్పించుకునే చోట, ఉన్నవాళ్లు అది చూస్తూనే ఉంటారు, రేపు తమ గతీ అంతేనని అప్పుడే లెక్క కట్టుకుంటారు. కాబట్టి వెళ్లిపోయేవాళ్లను మీరు ఎలా పంపిస్తారన్నది ఉన్నవాళ్ల నమ్మకానికి సంబంధించిన విషయం.

పీఎఫ్, ఈఎస్ఐ జీతంలోంచి కోస్తున్నారంటే అవి కట్టిన సంగతి మనిషికి కనబడాలి. చేరిన రోజే యూఏఎన్ అనే పీఎఫ్ నంబర్ ఇచ్చి, పాస్‌బుక్ ఫోన్‌లో ఎలా చూసుకోవాలో చూపించండి. నెల జీతం 21,000 రూపాయలలోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తే, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడు ఆ కార్డు ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పండి, చాలామందికి అది కోత అని మాత్రమే తెలుసు. అపాయింట్‌మెంట్ లెటర్ ప్రతి ఒక్కరి చేతిలో ఉండాలి, రూమ్ బాయ్‌తో సహా.

డ్యూటీ చార్టు కనీసం రెండు వారాల ముందు గోడకు అంటించండి, వాట్సాప్ గ్రూపులో పెట్టండి. రాత్రి పదికి ఫోన్ చేసి "రేపు పొద్దున ఐదుకి వచ్చేయ్" అనడం అలవాటైన చోట ఎవరూ ఇంట్లో ఒక పని అనుకోలేరు, పిల్లాడి స్కూలు మీటింగ్‌కు వెళ్లలేరు. మార్పు తప్పనిసరైతే అడగండి, ఒప్పుకుంటే బదులు ఆఫ్ ఏ రోజో అప్పుడే రాసివ్వండి. రాత్రి షిఫ్ట్‌లు, పండగ డ్యూటీలు వంతులవారీగా తిరగాలి. ఎవరికి ఎన్ని పడ్డాయో అందరికీ కనిపించే కాగితం ఒకటి ఉంటే "ఆయనకు కావలసినవాళ్లకే ఆఫ్‌లు" అనే గొణుగుడు సగానికి సగం తగ్గుతుంది.

3. పేరు పెట్టి పిలవండి

ఒరేయ్, ఏయ్, "ఆ బీహారీ" లాంటి పిలుపులు ఆపేయాలి, ముందు మీ నోటి నుంచి, తర్వాత సూపర్‌వైజర్ల నోటి నుంచి. వయసులో పెద్దవాళ్లను అన్నా, అక్కా అనడం మన వైపు సహజంగానే ఉంది, ఊడ్చే అక్కకూ అదే మర్యాద దక్కాలి. మేనేజర్ అయినా ఆమెను మీరు అనే పిలవాలి. కస్టమర్ మీ మనిషి మీద చెయ్యెత్తినా, బూతులు తిట్టినా మీరు వెళ్లి మధ్యలో నిలబడండి. తప్పు మన వైపు ఉంటే గెస్టుకు క్షమాపణ మీరు చెప్పండి, సిబ్బంది గౌరవం మాత్రం అమ్మకానికి పెట్టకండి. ఆ ఒక్క నిమిషాన్ని వాళ్లు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

4. షిఫ్ట్ మొదట్లో పది నిమిషాలు

నిలబడే మాట్లాడుకోండి, కూర్చుంటే సాగుతుంది. నిన్న ఏది ఇరుక్కుపోయింది, ఈరోజు ఏం తక్కువ పడేలా ఉంది, ఎవరికి సాయం కావాలి, అంతే. మొదట మాట్లాడేది అందరికంటే కొత్తవాళ్లు, చివర మాట్లాడేది మేనేజర్. మీరు ముందు మాట్లాడితే అందరూ మీ మాటకే తలూపుతారు. మొదటి వారం ఎవరూ నోరు విప్పరు, "అంతా బానే ఉంది సార్" అంటారు. "ఏమైనా సమస్యలున్నాయా" అని అడిగితే వచ్చే జవాబు అదే. "నిన్న చెక్ అవుట్ టైంలో గది రెడీ కావడానికి ఎక్కడ లేటైంది" అని అడగండి, అప్పుడు లిఫ్ట్ సంగతి, దుప్పట్లు లాండ్రీ నుంచి రాని సంగతి బయటికి వస్తాయి. వచ్చిన ప్రతిదీ బోర్డు మీద రాయండి, ఎవరు చూస్తారు, ఎప్పటికి అన్నది పక్కనే రాయండి. కుదరనిదైతే కుదరదని కారణంతో సహా చెప్పండి, నానబెట్టొద్దు.

5. తప్పు జరిగినప్పుడు మీరు అనే మొదటి మాట

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. జూన్, జూలైల్లో చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీలు తోతాపురి కాయతో రాత్రింబవళ్లు నడుస్తుంటాయి, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, లైన్ ఆగితే లోపల కాయ, బయట రైతు ఇద్దరూ ఇబ్బంది పడతారు. అలాంటప్పుడు పల్ప్‌ను వేడిచేసి క్రిములు చంపే స్టెరిలైజర్ దగ్గర ఉన్న కుర్రాడు టెంపరేచర్ పడిపోయిందని గమనించాడు. లైన్ ఆపితే తిడతారేమో, ఆపకపోతే సరుకు పాడవుతుందేమో. ఆ అర నిమిషంలో అతను తీసుకునే నిర్ణయం, ఇంతకుముందు మీరు ఇలాంటప్పుడు ఏమన్నారు అన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది.

జపాన్‌లో టయోటా వాళ్లు లైన్ మీద ఒక తాడు పెట్టారు, ఏదైనా తేడా కనిపిస్తే ఏ వర్కరైనా దాన్ని లాగొచ్చు, టీమ్ లీడర్ వెంటనే వస్తాడు, అక్కడికక్కడ సరికాకపోతే లైన్ ఆగుతుంది. తాడు పెట్టడం ఎవరైనా చేయగలరు. లాగినవాడి దగ్గరికి వచ్చిన లీడర్ కోపంతో వస్తాడా, సాయానికి వస్తాడా అన్నదే ఆ తాడుకు ప్రాణం.

కాబట్టి కబురు తెచ్చిన మనిషితో మీ మొదటి మాట "చెప్పి మంచి పని చేశావు" కావాలి, ఆ లైన్ ఆపడం తర్వాత అనవసరమని తేలినా సరే. రెండో మాట "ఇప్పుడు ఏం చేద్దాం". ఎవరు, ఎందుకు అన్న విచారణ మంట ఆరాక. అప్పుడు కూడా వరుసగా అడగండి: ఏం జరిగింది, దీని ఆనవాలు మొదట ఎక్కడ కనిపించింది, ఏది మారిస్తే ఇంకొకరు ఆ చోట ఉన్నా ఇది జరగదు. "ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అన్నది జవాబు కింద లెక్కపెట్టకండి. గేజ్ కంటికి కనబడే ఎత్తులో లేదా, షిఫ్ట్ మారేటప్పుడు రిజిస్టర్ అప్పజెప్పడం లేదా, పన్నెండు గంటలు నిలబడ్డ మనిషికి కళ్లు మూతపడ్డాయా, కారణం అలాంటిదేదో ఉంటుంది.

దీన్ని చూసి క్రమశిక్షణ పోతుందని భయపడేవాళ్లున్నారు. పోదు, తేడా స్పష్టంగా చెప్పి పెట్టుకుంటే. తెలియక జరిగిన పొరపాటుకు నేర్పించడమే మందు. తెలిసి రూలు తప్పితే, అంటే సేఫ్టీ గార్డు తీసేసి మెషిన్ నడిపితే, మెమో. జరిగినదాన్ని దాచిపెడితే, లేదా చెప్పినవాడిని ఎవరైనా బెదిరిస్తే, అన్నిటికంటే గట్టి చర్య. ఈ మూడూ అందరికీ ముందే తెలిసి ఉండాలి. మందలించాల్సి వస్తే ఎప్పుడూ విడిగా, నలుగురి ముందు వద్దు.

6. సూపర్‌వైజర్లు, మేస్త్రీలు

సిబ్బందికి కంపెనీ అంటే ఓనర్ కాదు, మీరూ కాదు, రోజూ నెత్తి మీద నిలబడే సూపర్‌వైజర్. సీజన్‌లో పల్లెల నుంచి ఆటోల్లో కాయ కోయడానికి వచ్చే ఆడవాళ్లకైతే తెచ్చిన మేస్త్రీ మాటే శాసనం. వాళ్లకు డబ్బు మేస్త్రీ చేతి మీదుగా కాకుండా నేరుగా బ్యాంకు ఖాతాలో పడే ఏర్పాటు చేయండి, సగం బాధలు అక్కడే తీరతాయి.

బాగా పనిచేసేవాడిని సూపర్‌వైజర్ చేసేస్తాం, మనుషుల్ని నడపడం ఎవరూ నేర్పరు. తనకు వచ్చింది తిట్టడమే కాబట్టి తిడతాడు. వారానికి ఒక గంట వాళ్లతో కూర్చోండి, ఆ వారం జరిగిన ఒక గొడవను తీసుకుని అప్పుడు ఏమనాల్సింది అని మాట్లాడుకోండి.

ఇక ప్రతి చోటా ఒకడుంటాడు, పనిలో దిట్ట, నోరు మాత్రం భరించలేం. "వాడు లేకపోతే కిచెన్ నడవదు" అని ఓనర్లు వెనకేసుకొస్తారు. ఆయనతో స్పష్టంగా మాట్లాడండి, ఏ మాట ఎప్పుడు అన్నారో చెప్పి, గడువు పెట్టండి. ఈలోగా ఇంకొకరికి ఆ పని నేర్పించండి. గడువు దాటినా మారకపోతే పంపించేయాల్సిందే. ఆయన ఉన్నంతకాలం మీరు చేసే మిగతావన్నీ సిబ్బందికి నాటకంలాగే కనిపిస్తాయి.

7. ఆడవాళ్ల భద్రత

ఇది కల్చర్ కింద వచ్చే అదనపు మంచితనం కాదు, చట్టం. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో తప్పనిసరి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చేయొచ్చు, విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆడవాళ్ల రెస్ట్ రూమ్‌లో తెలుగులో అంటించండి, ఆఫీసు ఫైలులో ఉంటే ఎవరికి ఉపయోగం?

రాత్రి షిఫ్ట్‌కు వాళ్ల అంగీకారం తీసుకోవాలి, ఇంటి దాకా దింపే బండి ఉండాలి. శ్రీసిటీ వైపు కంపెనీ బస్సుల్లో వచ్చే అమ్మాయిలకు బస్సు దిగాక ఊళ్లోకి నడిచే ఆ చీకటి దారి కూడా మీ లెక్కలోకి రావాలి.

8. రద్దీ రోజులకు ముందే ఒప్పందం

మన ఊరికి రద్దీ చెప్పే వస్తుంది. బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, అందులో ఐదో రోజు గరుడ సేవ. అధిక మాసం వచ్చిన ఏడు రెండు బ్రహ్మోత్సవాలు. వైకుంఠ ద్వార దర్శనాలు పది రోజులు. వేసవి సెలవులు. చిత్తూరు వైపు కాణిపాకం ఉత్సవాలు, మామిడి సీజన్. ఇంత తెలిసీ ప్రతి ఏడూ చివరి వారంలో కంగారుపడి లీవులన్నీ రద్దు చేయడం ఎందుకు?

రెండు నెలల ముందు అందరినీ కూర్చోబెట్టండి. ఎంత మంది కావాలి, ఎక్కడ తక్కువ పడతారు, బయటి నుంచి ఎంత మందిని తేవాలి, ఓటీ ఎంత వస్తుంది, ఆ రోజుల్లో రాత్రి భోజనం, పడుకోవడానికి చోటు ఎక్కడ, అన్నీ అప్పుడే తేలాలి. రద్దీ అయ్యాక ఎవరికి ఏ రోజులు సెలవో కూడా అప్పుడే రాసేయాలి, ఎందుకంటే ముందు పని చేయించుకుని తర్వాత సెలవు మర్చిపోవడం సిబ్బంది మనసులో మానని పుండు.

గంగమ్మ జాతర మేలో, సరిగ్గా వేసవి రద్దీలో వస్తుంది. తిరుపతిలో పుట్టినవాడికి ఆ వారం వేషం వేయడం, ఇంటికి చుట్టాలు రావడం, పొంగళ్లు పెట్టడం పెద్ద విషయం, వద్దంటే ఒంట్లో బాగాలేదని ఫోన్ చేస్తాడు. అందుకని ముందే వంతులు వేసుకోండి. జాతరకు వెళ్లేవాళ్లు ఒక బ్యాచ్, వాళ్లకు బదులు పనిచేసే బయటి ఊళ్లవాళ్లకు రంజానుకో, సంక్రాంతికో, ఛట్ పూజకో సెలవు గ్యారంటీ. వాళ్లలో వాళ్లే మాట్లాడుకుని సర్దుకుంటారు, మీరు కాగితం మీద పెట్టి మాట నిలబెట్టుకుంటే చాలు.

రద్దీ మధ్యలో మేనేజర్ ఎక్కడున్నాడన్నది కూడా చూస్తారు. ఏసీ గదిలో కెమెరాలు చూస్తూ ఫోన్లు చేసేవాడు ఒకరకం, రిసెప్షన్ దగ్గర నిలబడి లగేజీ అందుకునేవాడు ఇంకోరకం.

9. మెచ్చుకోవడం

"అందరూ బాగా చేశారు" అంటే ఎవరినీ మెచ్చుకున్నట్టు కాదు. "నిన్న ఆ ముసలాయన మాత్రలు గదిలో మర్చిపోతే బస్టాండు దాకా పరిగెత్తి ఇచ్చొచ్చావు చూడు" అని ఆ మనిషి పేరుతో, ఆ పనితో చెప్పండి. వెంటనే చెప్పండి. నెలకో బెస్ట్ ఎంప్లాయీ ఫోటో కంటే ఇది నయం.

10. మారుతోందో లేదో చూసుకోవడం, ఓనర్‌కు చూపించడం

నెలకోసారి నాలుగు అంకెలు రాసుకోండి: ఎంత మంది మానేశారు, చెప్పకుండా ఎన్ని రోజులు ఎగ్గొట్టారు, వీక్లీ ఆఫ్‌లు ఎన్ని రద్దయ్యాయి, సిబ్బంది తమంతట తాము ఎన్ని సమస్యలు మీ దగ్గరికి తెచ్చారు. నాలుగోది మొదటి రెండు మూడు నెలల్లో పెరుగుతుంది, పెరగాలి. ఓనర్ అది చూసి "నువ్వొచ్చాకే కంప్లయింట్లు ఎక్కువయ్యాయి" అనే ప్రమాదం ఉంది కాబట్టి ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

ఓనర్‌తో మనసు, విలువలు అని మాట్లాడితే సగంలో ఫోన్ తీస్తారు. ఒక మనిషి మానేస్తే కొత్తవాడు దొరికే దాకా ఇచ్చే ఓటీ, ఏజెంటు కమిషన్, పని వచ్చే దాకా పాడయ్యే సరుకు, గెస్టుకు తిరిగిచ్చిన గది అద్దె, మీ సొంత లెక్కల్లోంచి తీసి ఒక కాగితం మీద రాసి చూపండి. పక్కనే తినే గదికి ఫ్యాన్, రెండు బల్లలు, ఆఫ్‌లో ఉన్నవాళ్ల బదులు పనిచేసే ఒక రిలీవర్ జీతం ఎంతో రాయండి. ఒప్పుకోకపోతే అన్నీ అడగకుండా ఒక్క డిపార్ట్‌మెంట్‌లో, ఉదాహరణకు హౌస్‌కీపింగ్‌లో మాత్రమే మూడు నెలలు చేసి చూపిస్తానని అడగండి. ఆ మూడు నెలలు అయ్యాక అవే నాలుగు అంకెలు మిగతా డిపార్ట్‌మెంట్ల పక్కన పెట్టి ఆయన ముందుంచండి, రెండో డిపార్ట్‌మెంట్ ఏదో ఆయన్నే ఎంచుకోమనండి.